మాట తెలిసిన చాలునా?

మొన్న మాకొక ఆహ్వానపత్రము వచ్చినది. ఒకానొక పాఠశాలలో వార్షికోత్సవము జరుగనున్నదట. కాగితము దళసరి, అక్షరములు బంగారు వన్నె, పేర్లకు ముందు వెనుక బిరుదములు. అన్నిటికిని నడుమ, అన్నిటికంటె పెద్ద అక్షరములతో, "బహుమతి ప్రధానోత్సవము" అని యున్నది. ప్రదానమనగా ఇచ్చుట, ప్రధానమనగా ముఖ్యమైనది. బిడ్డలకు బహుమతులిచ్చు పండుగ కాస్తా బహుమతియే ముఖ్యమైన పండుగగా మారిపోయినది. ఒక్క వత్తు చేసిన పని యిది. నవ్వి ఊరకుందమనుకొంటిమి. కాని ఆ పత్రమును అచ్చునకు పంపినవారు బిడ్డలకు మాటలు నేర్పువారేయని తోచినంతనే నవ్వు నిలువలేదు.

ఇట్టి జంటపదములు మన భాషలో కొల్లలుగా నున్నవి. అనిలము గాలి, అనలము నిప్పు. సకలము అంతయు, శకలము అందొక తునుక. పథకము చేయదలచిన పనికి వేసికొను ఏర్పాటు, పతకము పని చేసినవాని మెడలో వేయునది. అర్థమనగా భావము, అర్ధమనగా సగము. ఈ రెంటికి భేదమెరుగనివానికి ఏ మాటకైనను సగమే బోధపడుననుట న్యాయమే. అయితే ఇవి చెవి చేయు తప్పులు, చేయి చేయు తప్పులు. దిద్దువాడు దొరకిన ఒక గడియలో తీరిపోవును. బుద్ధి చేయు తప్పులు వేరుగా నున్నవి. వానిని గూర్చియే నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మన ఆంధ్రదేశమునకు సంబంధించిన పాతకథ యొకటి కలదు. సోమదేవుని కథాసరిత్సాగరము దానిని భద్రపరచినది. సాతవాహన మహారాజు రాణులతో జలక్రీడ లాడుచుండెను. అందొక రాణి అలసిపోయి "మోదకైః" అను పదముతో మొదలిడి రాజును వేడుకొనినది. మోదకములనగా కుడుములు, లడ్డుకములు. రాజు వెంటనే పళ్లెరములతో మోదకములు తెప్పించెను. రాణి పకపక నవ్వినది. ఆమె యన్నది "మా ఉదకైః" అని, నీళ్లతో కొట్టవలదని. రెండు పదములు కలిసి సంధియైనంత మాత్రమున రాజు మోసపోయెను. పరిజనము ఎదుట తలవంపులై, ఆయన ఆహారము మాని మంచమెక్కెను. వ్యాకరణము నేర్పుటకు ఆరేండ్లు పట్టునని గుణాఢ్యుడనెను. ఆరు నెలలలో నేర్పెదనని శర్వవర్మ పంతము పట్టెను. శర్వవర్మ గెలువగా, ఓడిన గుణాఢ్యుడు సంస్కృత ప్రాకృత దేశభాషలు మూటిని విడిచి, పైశాచిలో బృహత్కథ వ్రాసెనని ఆ కథ చెప్పుచున్నది.

ఈ కథను చెప్పువారందరు రాజునకు సంస్కృతము రాదనియే నవ్వుదురు. మాకందు వేరొక నీతి కనబడుచున్నది. రాజునకు మోదకమను మాట తెలియనందున చిక్కు రాలేదు, తెలిసినందుననే వచ్చినది. అది తెలియకున్న, "ఏమంటివి?" అని అడిగి యుండును. తెలిసిన మాటయే తెలియని మాటకు అడ్డము వచ్చినది. క్రొత్త పదములతో మనకు గలుగు అపాయము సర్వత్ర ఇట్టిదే. బొత్తిగా ఎరుగని మాట మనలను మోసపుచ్చదు. దానిముందు మనము ఆగుదుము, అడుగుదుము, నిఘంటువు తెరతుము. ఎరిగిన ముఖముతో వచ్చిన క్రొత్తమాటయే మోసపుచ్చును.

దీనికి మన జాతీయోద్యమ చరిత్రలోనే దృష్టాంతము కలదు. 1906 సెప్టెంబరు 11వ తేదీన జోహాన్సుబర్గులోని ఎంపైర్ నాటకశాలలో భారతీయులు సభచేసి, అవమానకరమైన శాసనమునకు లోబడమని ప్రతిజ్ఞ చేసిరి. ఆ పోరాటమునకు తొలుత ఇంగ్లీషుపేరే వాడుకలో నుండెను. ఆ పేరు బలహీనుల ఆయుధమను అర్థము నిచ్చుచున్నదనియు, అందు ద్వేషమునకు సైతము తావున్నదనియు గాంధీగారికి తోచెను. తమ 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో, మంచి పేరు సూచించినవారికి చిన్న బహుమానమిత్తునని ప్రకటించిరి. మగన్‌లాల్ గాంధీ 'సదాగ్రహము' అని సూచించెను. గాంధీగారు దానిని మెచ్చి, భావము మరింత స్పష్టమగునట్లు 'సత్యాగ్రహము' అని మార్చిరి.

ఆగ్రహమను పదమునకు సంస్కృతమున గట్టిగా పట్టుకొనుట, పట్టు విడువకుండుట యని అర్థము. గుజరాతీలోను హిందీలోను ఆ భావమే నిలిచినది. తెలుగున మాత్రము ఆగ్రహమనగా కోపము. ఇరువురును ఒక్క మాటనే పలుకుచు, ఒకడు పట్టుదల యనుకొనును, ఒకడు కోపమనుకొనును. సత్యాగ్రహమను పదమును వాక్యమునందు గాక విడిగా విన్న తెలుగువానికి అది సత్యవంతుని కోపముగా, న్యాయమైన కోపముగా తోచుట సహజము. కోపమునకు తరువాతి అడుగు దెబ్బ. పట్టుదలకు తరువాతి అడుగు ఓర్పు. 1922 ఫిబ్రవరి 4వ తేదీన చౌరీచౌరాలో జనసమూహము ఠాణా తగులబెట్టి 20 మందికి పైగా పోలీసులను చంపినప్పుడు, గాంధీగారు దేశవ్యాప్తమైన ఉద్యమమునే నిలిపివేసిరి. అచట జరిగినది పదార్థము తెలియక జరిగినదని మేమనము. అచటి భాషలో ఆగ్రహము కోపము కాదు. కాని ఆ పదమునకు గల రెండర్థముల నడుమ దూరమెంతయో ఆ దినమున దేశమంతయు చూచినది.

ఆ కాలపు పత్రికలు, ప్రచారకులు తెలుగులో నిలుపవలసి వచ్చిన మాటలు మరి రెండు కలవు. 1920 నాటిది సహాయనిరాకరణము; 1930 నాటిది శాసనోల్లంఘనము. తెలుగువానికి సహాయమనగా ఇరుగుపొరుగుల కష్టములో చేయు మేలు. దానిని నిరాకరించుమనుట ధర్మమా యని ఎవడైనను అడిగిన తప్పులేదు. ఆ పదమునకు అర్థము చెప్పినది నిఘంటువు కాదు. దాని వెంట వచ్చిన వాక్యములు. బిరుదము వదలుకొనుము, సర్కారు న్యాయస్థానమునకు పోకుము, సర్కారు బడి మానుము అని చెప్పినప్పుడు, ఎవనికి సహాయము నిరాకరింపవలెనో స్పష్టమైనది. ఉల్లంఘన మట్లు కాదు. అది గీత దాటుట. బిరుదము వదలుకొనిన వానికి శిక్ష లేదు. ఉప్పు వండిన వానికి చెర సిద్ధముగా నుండెను. నిరాకరణమునకును ఉల్లంఘనమునకును గల భేదము పండితుల ముచ్చట కాదు. ఇంటివద్ద నుండుటకును జైలులో నుండుటకును గల భేదము.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి, మాటకు పుట్టుకనాటి అర్థమే ప్రమాణమని ఎవరైన ననుకొందురేమో. అదియు పొరపాటే. 1922 ఆరంభమున గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పన్నుల నిరాకరణ జరిగినప్పుడు, గ్రామోద్యోగులు పలువురు రాజీనామా లిచ్చిరి. పారసీకమున రాజీ యనగా సమ్మతి, నామా యనగా పత్రము. పుట్టుకను బట్టి చూచిన అది సమ్మతిపత్రము. ఆ గ్రామోద్యోగులు దొరతనమునకు సమ్మతించి ఆ కాగితము లిచ్చిరని చెప్పువాడు పారసీకమున పండితుడైనను తెలుగున పసివాడే. వ్యవసాయమునకు సంస్కృతమున నిశ్చయము, ప్రయత్నము అని అర్థము. హిందీలో వ్యాపారము, వృత్తి. తెలుగున నాగలి పట్టుట. అవసరము సంస్కృతమున అనువైన సమయము; తెలుగున కావలసినతనము. అభ్యంతరము సంస్కృతమున లోపలిది, తెలుగున అడ్డుమాట. శిక్ష సంస్కృతమున బోధ, తెలుగున దండనము. ఉపన్యాసము మనకు సభలో ఇచ్చునది. వంగదేశీయునకు ఇంట చదువుకొను నవల. వీనిలో ఏదియు తప్పు కాదు. ఏ మాట ఏ వాక్యములో, ఏ జనుల నడుమ నున్నదో, అచటి అర్థమే దానికి అర్థము. బ్రౌను దొర నిఘంటువు 1852లో వెలువడినది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లో. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటము 1936లో. ఇవన్నియు అర్థము చెప్పి ఊరకుండక ప్రయోగములు చూపినవి. ఆ మహనీయులకు తెలియును, అర్థమునకు సాక్షి ప్రయోగమేయని.

భూమిగల గృహస్థులకు ఈ మాట మరింత దగ్గరగా చెప్పవలసియున్నది. దస్తావేజునందలి పదములు చదివి విడుచునవి కావు. వానిక్రింద తరములు బ్రతుకును. ఒక హిందూ స్త్రీకి దానముగా వచ్చిన ఆస్తి విషయమున, పత్రమునందు ఆమెను 'మాలిక్' అని వ్రాసిన ఆ ఒక్క మాటపై వ్యాజ్యము ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. సందర్భము అడ్డుపడనిచో ఆ మాట సంపూర్ణ స్వామ్యమును తెలుపునని, అమ్ముకొను హక్కుసైతము అందున్నదని 1907లో తీర్పు వచ్చెను. గ్రహీత స్త్రీయైనంత మాత్రమున మాట బలము తగ్గదనిరి. మన పత్రములలో "జీవితపర్యంతము అనుభవించుటకు" అని వ్రాయుట యొకటి, "దాన వినిమయ విక్రయాది సర్వాధికారములతో అనుభవించుటకు" అని వ్రాయుట యొకటి. రెంటను అనుభవించుట యున్నది. రెంటను భూమి యదియే. మొదటిదానిలో ఆ వ్యక్తి తరువాత భూమి ఎవరికి పోవునో వేరొకరు నిర్ణయింతురు. రెండవదానిలో ఆ వ్యక్తియే నిర్ణయించును. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ విభాగమున స్త్రీల పరిమిత హక్కులను సంపూర్ణము చేసినను, పత్రమే పరిమితిని విధించిన చోటులకై వేరొక ఉపవిభాగము నుంచినది. కావున పత్రమునందలి మాట నేటికిని బ్రతికియే యున్నది.

ఇటీవలి మాటయొకటి చెప్పుదుము. 2015లో అమరావతి రాజధానికై కృష్ణాతీరమున 30 వేల ఎకరములకు పైగా భూమిని 'భూసమీకరణ' పద్ధతిని ప్రభుత్వము తీసికొన్నది. భూసేకరణ యను మాట అప్పటికే రైతులకు పరిచితము. సేకరణ, సమీకరణ, రెండును 'కరణ'తో ముగియును, రెంటను భూమి చేయి దాటును. అయినను సేకరణలో 2013 నాటి చట్టము ననుసరించి, యజమాని ఒప్పుకొన్నను ఒప్పుకొనకున్నను, పరిహారము చెల్లించి భూమి గైకొందురు. సమీకరణలో యజమాని అంగీకారపత్రము వ్రాసి భూమి నప్పగించును. బదులు అభివృద్ధిచేసిన స్థలములో భాగమును, పది సంవత్సరములు వార్షికపు సొమ్మును ఇచ్చెదమని కరారు. ఒకదానిలో అతడు పరిహారము పొందువాడు. రెండవదానిలో రాబోవు నగరముతో తన భాగ్యమును ముడివేసికొనువాడు. ఏది మేలని మేమిచట తీర్పు చెప్పబోము. కాని ఈ రెండు మాటలకు భేదమెరుగక వ్రేలిముద్ర వేసినవాడు, సాతవాహనుని వలెనే, నీళ్లు వలదన్నచోట కుడుములు తెప్పించినవాడగును. రాజునకు నవ్వులపాటుతో పోయినది. రైతునకు అంతతో పోదు.

ఇక మాట నేర్చుట యెట్లు? మన పెద్దలు బాల్యముననే అమరకోశము వల్లెవేయించిరి. అది మహోపకారము, ఒక్క అగ్నికే ఎన్ని పేర్లో దానివలన తెలియును. కాని ఏ పేరు ఎచ్చట పలుకవలెనో అమరసింహుడు చెప్పలేదు. అది ఆయన పూనుకొన్న పనియు కాదు. పొయ్యి దగ్గర నున్న యిల్లాలితో "అనలమును ప్రజ్వలింపజేయుము" అనువానికి అన్నము ఆలస్యమగును. పేరు తెలియుట వేరు, చోటు తెలియుట వేరు.

సంతలో ఎద్దును కొను రైతును చూడుడు. పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును. అంతతో సొమ్ము చెల్లింపడు. తన యింటనున్న ఎద్దుతో కాడి కట్టి చూచును. ఒంటిగా ఎంత అందమైనదైనను జోడుతో నడువనిది సేద్యమునకు పనికిరాదు. మాటయు నట్టిదే. వహించుట యను క్రియను తీసికొనుడు. అధ్యక్షత వహింతురు, శ్రద్ధ వహింతురు, మౌనము వహింతురు. కోపము వహింపరు, అది వచ్చును, లేక తెచ్చుకొందురు. నింద మోపుదురు, మెప్పు మోపరు. క్షీరాభిషేకమందురు, లేదా పాలతో అభిషేకమందురు. 'పాలాభిషేకము' అనునది వైరిసమాసమని లాక్షణికులు కాదందురు. మరణమును తెలుపు మాటలను చూడుడు. వైష్ణవుడు పరమపదించును, శైవుడు శివైక్యమునొందును, యతి సిద్ధినొందును, క్రైస్తవ సోదరులు ప్రభువునందు నిద్రించెనని వ్రాయుదురు. విభూతి పెట్టుకొని నూరేండ్లు శివుని గొలిచిన వృద్ధుడు పరమపదించెనని ప్రకటించిన పత్రిక, కుటుంబమునకు సానుభూతి తెలుపబోయి నొప్పి కలిగించును. నిఘంటువున ఈ మాటలన్నిటికి అర్థమొక్కటే; జీవితమున ఒక్కటి కాదు.

మా వృత్తివారి తప్పును కూడ దాచము. పత్రికలలో నాయకులు దినమున కొకసారి 'దిగ్భ్రాంతి' వ్యక్తము చేయుచుందురు. దిక్కులు తెలియని భ్రమకు దిగ్భ్రాంతియని పేరు. నిజముగా దిక్కు తోచనివాడు ప్రకటన చెప్పి వ్రాయింపలేడు. ప్రకటన చెప్పగలవానికి దిక్కు తోచియే యున్నది. విచారమనుటకు బదులు, ఘనముగా నుండునని, పెద్దమాటను తెచ్చి పెట్టితిమి. నిత్యము వాడగా అది అరిగి, నిజముగా దిక్కు తోచని దినమున చెప్పుటకు మాట లేకపోయినది. క్రొత్తమాటను తప్పుగా వాడుటవలన నష్టపడునది వాడినవాడు మాత్రమే కాదు. ఆ మాటయు చెడును, తరువాత దానితో పనిబడువాడును చెడును.

మన బడులలో 'సొంతవాక్యములు' వ్రాయించుట మంచి ఆచారము. అయితే అది జరుగు విధము చూడుడు. ఔదార్యమను పదమిచ్చి వాక్యము వ్రాయుమనిన, పిల్లవాడు "రామునకు ఔదార్యము కలదు" అని వ్రాయును. గురువు సున్న చుట్టక ఒప్పు పెట్టును. ఆ వాక్యములో ఔదార్యమునకు బదులు జ్వరమని వ్రాసినను చక్కగా కుదురును! అట్టి వాక్యము మాటను మోసినదే కాని చూపలేదు. "పంట పోయినదని తెలిసి ఆ యేటి కౌలుధాన్యము అడుగక విడిచిపెట్టిన ఆసామి ఔదార్యమును ఊరంతయు చెప్పుకొన్నది" అని వ్రాయుమనుడు. ఆ చోట జ్వరము నిలువదు, శౌర్యము నిలువదు, ఔదార్యమే నిలుచును. తీసివేసిన వాక్యము కూలిపోవునట్లు మాటను నిలుపుటయే సొంతవాక్యము.

పెద్దలకును ఈ పద్ధతియే తగియున్నది. క్రొత్తమాట వినబడినంతనే నోట పెట్టుకొనవలదు. మూడు వేరువేరు వాక్యములలో అది కనబడువరకు వేచియుండుడు. ఏ క్రియతో నడచుచున్నదో, ఎవరిని గూర్చి పలుకబడుచున్నదో గమనింపుడు. దానికి పొరుగు మాట యేదో తెలిసికొని, ఆ రెంటి నడుమ గట్టు ఎచ్చటనున్నదో చూచుకొనుడు. తరువాత తెలిసినవారియెదుట ఒక వాక్యము చెప్పి చూడుడు. తప్పైన దిద్దుకొనుటకు సిగ్గుపడవలదు. దస్తావేజుననో ప్రభుత్వ ప్రకటనముననో ఎదురైన మాటకు మాత్రము అదనముగా ఒక నియమము: "దీనివలన నా చేతినుండి పోవునదేమి, నా చేతికి వచ్చునదేమి?" అని అడిగి, ఎరిగిన భాషలో బదులు వినునంతవరకు సంతకము చేయవలదు. ఎద్దు ఈనినదన్న గాటను గట్టుమన్నవాని కథ మనకు వలదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పుట క్రొత్తమాటలకు తలుపు మూయుటకు కాదు. సత్యాగ్రహమను మాట లేకున్న ఆ ధర్మమునకు సొంతపేరు లేకయే పోయెడిది. పరాయివాడు పెట్టిన పేరుతో, పరాయివాని భావముతో మనము పోరాడవలసి వచ్చెడిది. తెలుగునకు ఇంకను ఎన్నియో మాటలు కావలెను: న్యాయస్థానములో, వైద్యశాలలో, శాస్త్రములో, రైతు చేతికి వచ్చు ప్రతి కాగితములో. అవి రావలెను, వచ్చినవానిని మనవారి జోడున కట్టి నడిపింపవలెను. ఒక జాతి తన మాటలను తాను తెలిసి పలుకుచున్నంతకాలము ఎవ్వరును దానిచేత తెలియక సంతకము చేయింపలేరు.